రోగి మీకేమవుతారు?

"మనసులో ఏమనుకుంటుంటే అది పైకి అనెయ్యండి విజయలక్ష్మి గారూ, ఏదీ లోపల ఉంచుకోవద్దు," అంటోంది నా కూతురు. పైన డాబా గదిలో కూర్చుని అంటోంది. ఆ మాట ముందు మెట్ల మీదుగా సన్నగా దిగి వస్తుంది, ఒక్క రెప్పపాటు ఆగి ఫోన్లోంచి మళ్ళీ వినిపిస్తుంది. అదే గొంతు, అదే మాట, కానీ రెండోసారి వచ్చేది నా పిల్లది కాదేమోననిపిస్తుంది. కన్నతల్లిని గారూ అనడం వాళ్ళ ఉద్యోగంలో పద్ధతట. హైదరాబాదు కంపెనీ వాళ్ళు కొత్తగా ఒక యాప్ తయారు చేస్తే, అది మామూలు మనుషుల చేతికి లొంగుతోందో లేదో ఫోన్లోనే కూర్చోబెట్టి చూసే పని మా రోహిణిది. ఊరికే సాయంగా వచ్చి కూర్చునేవాళ్ళు వాలంటీర్లు. ఈ గంటసేపు నేనూ వాలంటీరునే, తల్లిని కాదు. రెండు ఫోన్లు ఒకే గదిలో ఉంటే కీచుమంటాయని తను పైకి వెళ్ళింది, నన్ను ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ని చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టి. నా వేలు ఎక్కడ పడితే అది తనకక్కడ కనిపిస్తుందట. వేలు కనిపిస్తుంది, వేలి వెనక ఉన్నది కనిపించదు, అందుకే పైకి అనమంటున్నారు. ఇది మీకు పరీక్ష కాదు, యాప్‌కి పరీక్ష, ఇందులో మీరు తప్పు చేయడమంటూ ఉండదు, అని కాగితంలో ఉన్నట్టు చదివింది. తప్పు చేయడమంటూ ఉండదట. అట్లాంటి చోటు ఒకటుందని నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆరు కావస్తోంది. దీపం ఇంకా పెట్టలేదు. ఈ వేళప్పుడు ఇల్లు ఊడవకూడదు, తల విరబోసుకోకూడదు, చెడ్డ మాట అసలే నోట రాకూడదు, తథాస్తు దేవతలు ఇంటి చూరు కిందుగా పోతుంటారు, వాళ్ళకు వేళాకోళం తెలియదు, విన్నదానికల్లా తథాస్తు అనుకుంటూ పోతారు. చిన్నప్పుడు ఒకసారి కసిలో ఈ గేదె చావనైనా చావదు అన్నానని మా అమ్మ పేడచేత్తోనే మూతి మీద కొట్టింది. అట్లా పెరిగిన నోరిది. నా మనసులో ఉన్నవి పైకి అంటే ఇంకేమన్నా ఉందా. పిల్ల స్కూటీ మీద సందు మలుపు తిరిగితే చాలు, నా కళ్ళకి లారీ కనిపిస్తుంది. కుక్కరు మూడో విజిలు వేస్తే గోడకి ఎగిరి తగిలిన మూత కనిపిస్తుంది. నేను ఆయాగా చేసే బడిలో పిల్లల ఆటో అయిదు నిమిషాలు ఆలస్యమైతే సాగరు కాలువ, నీళ్ళు, తేలుతున్న నీళ్ళ సీసాలు. ఏదో ఒకటి, ఎప్పుడూ. వాటన్నిటినీ నాలుక కింద వేసి నొక్కి పెట్టి పంతొమ్మిదేళ్ళు మోశాను, ఒక్కటి కూడా బయటకి పోనివ్వకుండా. రోహిణి నన్ను భయస్తురాలంటుంది. కాపలా కాయడమంటే ఇదేనని దానికెవరు చెబుతారు?

"ఇప్పుడొక సందర్భం చదువుతాను. మీ అమ్మాయికి ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. ఈ యాప్‌తో అంబులెన్సుని పిలవండి." గొంతులో ఏ తొణుకూ లేదు. ఆరోజు కూడా... కాదు, ఆ రోజు సంగతి ఇప్పుడెందుకు. ఎర్రగా ఉన్నదాన్ని నొక్కాను. అంతవరకూ తేలికే. తర్వాత తెర మారింది, పైన పెద్ద అక్షరాల్లో, రోగి మీకేమవుతారు?, కింద నాలుగు గుండ్రాలు. నేనే. భార్య లేదా భర్త. సంతానం. ఇతరులు. ఏడో తరగతి చదివాను, బాగానే చదవొచ్చు. మూడో గుండ్రం మీదికి వెళ్ళిన వేలు అక్కడే గాలిలో ఆగిపోయింది.

పైనుంచి మాట లేదు. ఉండదు. వాలంటీరు ఆగిపోతే మనం మాట్లాడకూడదమ్మా, ఎంతసేపైనా సరే, వాళ్ళు ఆగిన చోటే మనకి కావలసింది ఉంటుంది అని చెప్పింది ఒకసారి, అన్నం తింటూ. అప్పుడు నాకు గొప్పగానే అనిపించింది, నా బిడ్డకి ఊరకుండడానికి కూడా జీతమిస్తున్నారని. ఇప్పుడు ఆ ఊరకుండడం మెట్ల మీద నుంచి దిగి నా మెడ వెనక నిలబడింది. నొక్కు, నొక్కితే అయిపోతుంది. ఇప్పటికి ఆరుగురు కూర్చున్నారు, ఆరుగురూ ఈ తెర దగ్గరే చెడగొట్టారు. గుండ్రం కనిపించడం లేదేమోనని హైదరాబాదు వాళ్ళు దాన్ని పెద్దది చేశారు, ఆకుపచ్చ తీసి నీలం చేశారు. అయినా అంతే. చివరికి రోహిణి పై అధికారి కావ్య మేడం, లోపం గుండ్రంలో లేదు, నువ్వు చెప్పే పద్ధతిలోనే ఉంది అందట. ఈ రోజు ఏడో మనిషి, నడికుడి నుంచి శౌరి అనే ఆయన కూర్చోవాలి, టైముకి ఫోను కట్టేశాడు. మెట్లు దిగి వచ్చిన పిల్ల మొహం చూడలేకపోయాను. "ఇదన్నా సరిగ్గా రాకపోతే వచ్చే నెల నుంచి నన్ను ఆపేస్తారమ్మా. మేడంని అడిగా, ఇంట్లోవాళ్ళైనా సరేనంది. నువ్వు కూర్చో. నిన్నేమన్నా ఇబ్బంది పెడతానా ఏంది?" అంది. సరిగ్గా రావడమంటే ఏంటో ఇప్పుడు తెలిసింది. నా వేలితో నేను, సందెవేళ, నా బిడ్డకి జబ్బని నొక్కడం.

ఆరుగురిలో ఒకతె హజ్రా బీ. గోడ అవతలి ఇల్లు, మిషన్ కుడుతుంది, నాకు చెల్లెలి కన్నా ఎక్కువ. నిన్న సాయంత్రం దండెం మీది బట్టలు తీస్తూ గోడ మీదుగా తొంగి చూసి ఒకటే నవ్వు.

"ఏం జేశానో తెల్సా అక్కా? ఇతరులు అనేది నొక్కి, పేరు కాడ మా రాణీ పేరు కొట్టించా."

"మేకకి అంబులెన్సా ఏందే?"

"మరి మా తన్వీర్ పేరు జెప్పమంటావా? మగ్రిబ్ నమాజు టయానికి, నా నోటితో నేను, నా బిడ్డకి బాలేదని? వద్దు తల్లీ. మేకకైతే ఏమైతది, మహా అయితే బిర్యానీ."

నేనూ నవ్వాను. అంతకు ముందు వారం శావల్యాపురం కోటయ్య గారి గొంతు రోహిణి ఫోన్లోంచి మెట్ల కిందికి వినిపించింది, పెద్ద గొంతు, చెవిటాయన లాగా అరుస్తాడు. "నా పిల్లల పేరెందుకమ్మాయ్? మా గట్టు కాడ పుల్లారావని ఒకడున్నాడు, ఆడి పేరు రాసుకో. ఆడికొస్తే రానీ!" అప్పుడూ నవ్వుకున్నాను. కంపెనీ వాళ్ళు వీళ్ళిద్దరి పేర్ల పక్కనా, ప్రశ్న అర్థం చేసుకోలేకపోయారు అని రాసుకున్నారట. వేలు గాలిలో పెట్టుకుని కూర్చున్నాక ఇప్పుడు తెలుస్తోంది, అర్థం కాకపోవడమేంటి, కావలసినంత అర్థమైంది. పనులకు పోయినవాళ్ళు ఇల్లు చేరేది ఈ వేళకే గనక ఈ వేళకే కూర్చోబెడుతోంది పిల్ల. ఈ వేళకే అడుగుతోంది, మీ బిడ్డకి జ్వరమని చెప్పండి అని. గుండ్రాన్ని ఇంటి గుమ్మమంత చేసినా ఎవరు నొక్కుతారు? దానికీ సంగతి చెప్పాలి. చెబితే ఉద్యోగం నిలబడుతుంది. చెబితే, అమ్మా నీకెందుకంత భయమని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పను?

ఎర్రది. ఆ యాప్ బొత్తాము ఎరుపే, కిరాణా కొట్టు ముందు గొలుసు వేసి కట్టిన రూపాయి బిళ్ళ ఫోను ఎరుపే. పక్కన సోడా మూతలు ఏరుకుంటూ రోహిణి, ఆరేళ్ళది, రాయిలాగా ఉంది, ముక్కు కూడా కారడం లేదు. వాళ్ళ నాన్న చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో. పత్తి సీజను, ఇంటికి వచ్చి మూడు వారాలు. ఫోను అవతల మిల్లు మోత, దాని మధ్యలో ఆయన గొంతు, "ఈ వారం గూడా కుదరదే, లోడ్లు వస్తానే ఉండాయి." ఆయన తప్పేం లేదు. నా మీద ఎవరూ చేయి చేసుకోలేదు, ఇంట్లో గింజలు లేకా కాదు. ఊరికే, చూడాలనిపించింది. పంచె మీద పత్తి పింజలతో వచ్చి గుమ్మంలో దులుపుకుంటాడు చూడు, అది చూడాలనిపించింది. అప్పుడు నాకిరవై నాలుగేళ్ళు. ఫోను కీక్ కీక్ మంది, ఇంకో బిళ్ళ లేదు, ఆ రెండు కీక్‌ల మధ్యలో నా నోరు అనేసింది, "పిల్లకి జొరం. ఒళ్ళు కాలిపోతంది. రాండి." పడమర ఎర్రగా ఉంది. సందెవేళ. ఆయన మారు మాట అడగలేదు. "వస్తన్నా. తడిగుడ్డ ఎయ్యి," అన్నాడు. కట్టయిపోయింది. అంతే, ఆయన నాతో అన్న చివరి మాట తడిగుడ్డ ఎయ్యి.

నేను వేశాను. దీన్ని ఎవరికీ చెప్పలేదు, హజ్రా బీకి కూడా. ఇంటికి తీసుకొచ్చి, గుడ్ల కూర పొయ్యి మీద పెట్టి, తల దువ్వుకుని, ఆయన వచ్చేసరికి అబద్ధం బయటపడకూడదని పిల్లని మంచమెక్కించి నుదుటి మీద తడిగుడ్డ వేశాను. ఆడుకుంటానే అంది. "నీకు జొరమొచ్చింది, కళ్ళు మూసుకో, నాన్న వస్తన్నాడు," అన్నాను. పిల్ల నమ్మింది. ఆరేళ్ళ పిల్లకి తల్లి జొరమంటే జొరమే. కళ్ళు మూసుకుని, ఒళ్ళు నిజంగా కాలుతున్నట్టే కాళ్ళు ముడుచుకుని, మధ్య మధ్యలో, "నాన్న వచ్చాడా?" అని అడుగుతూ పడుకుంది. కూర దగ్గరపడింది. గుడ్డ రెండుసార్లు ఆరింది, రెండుసార్లూ తడిపాను, ఎందుకు తడిపానో తెలియదు. పేట రోడ్డు మీద పత్తి లోడు ట్రాక్టరు, రోడ్డుకి సగం అడ్డంగా ఆగి ఉందట, వెనక దీపం లేదట, అడిగి తెచ్చుకున్న మోటరు సైకిలు మీద వేగంగా వస్తూ ఆయన చూసుకోలేదట. అట, అట. ఏదీ నేను చూడలేదు. చూసింది ఒక్కటే, మర్నాడు ఎవరో ఆయన చొక్కా జేబులోంచి తీసి నా చేతికిచ్చిన జ్వరం మందు సీసా. నారింజ రంగుది. అంత జరిగినా అది పగల్లేదు. చావింటికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, పిల్లకి జొరమని ఉరుకులాడి వస్తా పోయాడంట పాపం. పిల్ల హజ్రా బీ ఒళ్ళో కూర్చుని అందరి నోళ్ళ వంకా చూస్తోంది. దిగి నా దగ్గరికి వచ్చి, నా చేతిలో సీసా ముట్టుకుని, "ఇది నాకు తెచ్చిందేనా?" అంది. ఊ అన్నాను. కాదు అని ఉండొచ్చు, నీకేం జొరం లేదే పిచ్చిదానా అని ఉండొచ్చు, అంత జనం మధ్య ఒక్క మాట. ఊ అన్నాను.

ఆ తర్వాత అది ఎప్పుడూ జ్వరమని నాతో అనలేదు. పదో తరగతి లెక్కల పరీక్ష నూట మూడు జ్వరంతో రాసి వచ్చింది, గేటు దగ్గర పడిపోతే వాళ్ళ మాస్టారు చెబితే తెలిసింది. పుస్తకాల సంచి అడుగున ఎప్పుడూ మాత్రల అట్ట. నుదుటి మీద చేయి పెట్టబోతే తల పక్కకి లాగేసుకుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే, మొండిఘటం అనుకునేదాన్ని. అనుకునేదాన్నని అబద్ధమెందుకు. ఇంటరులో డెంగ్యూ వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో వేసినప్పుడు, ఒళ్ళు తెలియని జ్వరంలో నా కొంగు పట్టుకుని, "నాన్నకి చెప్పొద్దమ్మా, నాన్నకి చెప్పొద్దు," అంది. రెండుసార్లు అంది. నర్సు కలవరింతలే అంది. నాకు ఆ రోజే తెలిసిపోయింది, ఇది ఏం మోస్తోందో, ఎన్నేళ్ళుగా మోస్తోందో. తెలిసి కూడా మంచం పక్కన కూర్చుని సెలైను చుక్కలు చూస్తూ ఉండిపోయాను. చెబితే నా మొహం మళ్ళీ చూడదని. అన్నిటికన్నా చెడ్డది ఊహించడం నాకలవాటు గదా, ఆ ఒక్కదాన్నీ ఊహించి, ఊహకే జడిసి, బరువు దాని మీదే ఉంచేశాను.

"విజయలక్ష్మి గారూ, ఏమనుకుంటున్నారు?"

మెట్ల మీద నుంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి. ఎక్కువసేపు ఆగితే ఆ ఒక్క మాటా అడగొచ్చట. ఏమనుకుంటున్నానో! వేలు మూడో గుండ్రం మీద నుంచి పక్కకి జరిగింది, నేను జరపలేదు, దానంతటదే జరిగింది. నేనే. నొక్కాను. పేరు, విజయలక్ష్మి. వయసు, నలభై మూడు. జ్వరం నాకు. ఎవరైనా చూరు కింద నిలబడి వింటుంటే ఇది విని పోనీ. తెర మళ్ళీ మారింది. మీ అంబులెన్సు బయల్దేరింది, పన్నెండు నిమిషాలు. కింద గీతలు గీతలుగా మన ఊరు, ఒక పక్కన కోటప్పకొండ వైపు పోయే దారి, ఇంకో పక్కన చిలకలూరిపేట దారి, ఆ పేట దారి మీద తెల్లటి చిన్న బండి పురుగులాగా పాకుతూ వస్తోంది. ఉత్తుత్తిదే, నిజం బండి రాదని ముందే చెప్పింది. అయినా ఆ రోడ్డు మీదే ఎందుకు రావాలి, ఇంతగా చీకటి పడుతుంటే, అంత వేగంగా. పదకొండు నిమిషాలు. ఆ గీత మీద నా కంటికి మాత్రమే కనిపించేది ఒకటి సగం అడ్డంగా ఆగి ఉంది, వెనక దీపం లేకుండా.

"ఆపెయ్," అన్నాను. "రావొద్దని చెప్పు. ఆపెయ్యమ్మా దాన్ని."

బండి ఆగింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయింది.

"ఆపేశాను. కంగారు పడకండి. ఒక్క ప్రశ్న," అంది రోహిణి, అదే కాగితం గొంతుతో. "సంతానం అని కాకుండా నేనే అని ఎందుకు ఎంచుకున్నారు? గుండ్రం సరిగా కనిపించలేదా?"

"కనిపించింది."

"మరి?"

"కనిపించబట్టే నొక్కలా." ఇక ఆగలేదు నోరు. "మీ మేడం వింటందా? ఆమెకి గూడా చెప్పు. అంత పెద్ద గుండ్రాలు మీకెందుకు? సందెవేళ కూర్చోబెట్టి నీ బిడ్డకి జబ్బని చెప్పమంటే ఏ తల్లి నొక్కిద్ది? హజ్రా మేక పేరు చెప్పింది, కోటయ్య గారు పగోడి పేరు చెప్పాడు, ఆ శౌరి ఎవరో గాని ఆయన ఫోనే కట్టేశాడు. ఆళ్ళకి తెలీక కాదు. తెల్లారి పూట అడుగు, లేకపోతే ఊరూ పేరూ లేని మనిషినొకర్ని మీరే రాసియ్యండి, ఈ మనిషికి జొరం అని. అప్పుడు చూడు, టకటకా నొక్కుతారు. ఇందులో నీ తప్పేం లేదు. నీ తప్పు ఎప్పుడూ లేదు." ఇక్కడ ఆగి ఉండొచ్చు. అంతటితో దాని ఉద్యోగం నిలబడుతుంది, నా సంగతి నా దగ్గరే ఉంటుంది. కానీ తప్పు అనే మాట నోట్లోకి వచ్చాక దాని వెనకదీ వచ్చేసింది. "నేనొకసారి నొక్కా. ఫోన్లో మీ నాన్నకి. లేని జొరాన్ని ఉందన్నా. చూడాలనిపించి అన్నా. నీ నుదుటి మీద గుడ్డ గూడా నేనే వేశా, నిజమనిపించాలని."

ఊరకుండడం. ఇది వాళ్ళ ఉద్యోగం ఊరకుండడమా, నా కూతురిదా? తేడా ఎట్లా తెలుస్తుంది, రెండూ ఒకే మెట్ల మీద నుంచి దిగి వస్తుంటే. వీధిలో ఎవరో పాల క్యాను దింపిన చప్పుడు. హజ్రా బీ మిషను చప్పుడు ఆగింది, అవతల వీధి మసీదులో అజా మొదలై, పూర్తయింది కూడా. దీపం ఇంకా పెట్టలేదు. ఇప్పుడు కిందికి దిగకుండా అట్నుంచి అటే బట్టల సంచితో వెళ్ళిపోతుంది, డాబా మీద నుంచి బయటకి మెట్లు లేవు, అయినా వెళ్ళిపోతుంది, లేదా పిట్టగోడ... ఛీ, నోరు మూసుకో, మనసా నోరు మూసుకో. ఫోన్లోంచి ఎవరో ఇంగ్లీషు ఆడమనిషి గొంతు, రికార్డింగు ఆగిందని చెప్పింది.

అప్పుడు వినిపించింది, ఫోన్లోంచి కాదు, మెట్ల మీద నుంచే, ఒక్కసారే.

"అమ్మా. అయితే ఆ రోజు నాకు జొరం లేదా?"

"లేదే."

"కొంచెం గూడా?"

"లేదే తల్లీ. సోడా మూతలు ఏరుకుంటన్నావు."

మెట్లు పన్నెండు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఆరో మెట్టు మీద చాలాసేపు ఆగింది, ఏడో అడుగు పడదనుకున్నాను, పడింది. లైటు వెయ్యలేదు. వచ్చి నా కుర్చీ ముందు నేల మీద కూర్చుంది, మొహం కనిపించడం లేదు, ఊపిరి వినిపిస్తోంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, ఏదీ చెయ్యలేదు. చక్కెర డబ్బాకి ఆనించిన ఫోన్ని బోర్లా పెట్టింది. నా చేయి వెతుక్కుని పట్టుకుని, పంతొమ్మిదేళ్ళుగా నన్ను తాకనివ్వని నుదుటి మీద తనే పెట్టుకుంది.

"చూసి చెప్పు," అంది.

చూశాను. అరచేతితో చూశాను, తిప్పి వేళ్ళ వెనకవైపుతో చూశాను. నుదురు వెచ్చగా ఉందో, నా చేయే చల్లబడిపోయిందో ఎంతకీ తేలడం లేదు. మనసులో అనుకున్నది పైకి అనలేదు. ఇంకా దీపం పెట్టలేదు గదా.

"ఏం లేదే. చల్లగానే ఉంది," అన్నాను. చేయి మాత్రం తియ్యలేదు, తనూ తియ్యనివ్వలేదు.